మా చిన్నోడి కాగితం బాక్సు

ఆ పొద్దు కూడా అన్ని పొద్దుల్లాగే మొదలైంది. రాయదుర్గంలో మా వీధికి ఇంకా వెలుతురు రాకముందే లేచి స్నానం చేశాను. కొళాయి వచ్చే రోజు కాదు కాబట్టి బిందెలో మిగిలిన నీళ్ళు చూసి చూసి తులసికి పోశాను. దీపం పెట్టాను. ఎదురింట్లో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్లు అప్పటికే నడుస్తున్నాయి. ఆ చప్పుడులో జపం చేసుకోవడం నాకు అలవాటే. తర్వాత టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు తడిపి పిండుతుంటే ఫోను మోగింది. తడి చేత్తోనే ఎత్తాను.

"అక్కా, చిన్నోడు పోయినాడు," అన్నాడు మా పెద్ద తమ్ముడు.

పిండిన బొరుగులు మళ్ళీ నీళ్ళలోనే వేసేశాను.

"కాఫీ తాగి తిన్నె మీద కూచున్నాడంట. అంతే. గుండె." ఆ వెంటే అడిగాడు. "వానిది మంచి ఫోటో ఏమన్నా ఉందా నీ కాడ? ఫ్లెక్సీకి కావాల."

నా తమ్ముడు చనిపోయిన వార్త నాకు చేరిన తీరు ఇది. చదివేవాళ్ళకు దీన్ని మొదటే చెప్పాలనిపించింది. వాడు బతికినన్నాళ్ళూ దేన్ని చూసి ఛీ అన్నాడో, వాడి పాడె లేవకముందే అది లేచి నిలబడింది.

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని. నా తర్వాత పెద్ద తమ్ముడు. కాంట్రాక్టులు చేస్తాడు, పార్టీలో తిరుగుతాడు, ఊళ్ళో ఎక్కడ శిలాఫలకం ఉన్నా దాని మీద పేరు వెతుక్కుంటాడు. చివరివాడు మా చిన్నోడు. రాయదుర్గం బస్టాండు దగ్గర చిన్న అంగడి పెట్టుకుని రేడియోలు, టీవీలు, మైక్‌సెట్లు బాగు చేసేవాడు. పిల్లలు లేరు. వాడూ మా మరదలూ మా పుట్టినూళ్ళో, రాయదుర్గానికి బస్సు దూరంలో, అమ్మ కట్టించిన మట్టిమిద్దెలోనే ఉండేవాళ్ళు.

నేను బస్సు దిగి పోయేసరికి వాణ్ణి వసారాలో పడుకోబెట్టారు. పక్కనే నీడలో, గుడ్డ చుట్ట మీద బోర్లించిన అమ్మ కడవ ఉంది. దాని ఒళ్ళంతా తడి గుజ్జు. ఆ పొద్దున వాడు పూసిన చివరి పూత. వాడి వేళ్ళ గుర్తులు ఇంకా ఆరలేదు. మరదలి చేతులకూ మోచేతుల దాకా అదే గుజ్జు, ఎండి పొలుసులుగా రాలుతోంది. ఇద్దరూ కలిసి చేస్తున్న పని మధ్యలో లేచి కాఫీ అడిగాడట.

"ముందు ఈ గలీజు తీసెయ్యండప్పా," అన్నాడు పెద్ద తమ్ముడు వచ్చినవాళ్ళతో. "పెద్దపెద్దోళ్ళు వస్తాండారు. పేడకుప్ప మాదిరి ఈడ ఇదేంది?"

ఇద్దరు లేచారు. మరదలు ఏడుపు ఆపింది.

"వదినా, దాన్ని ముట్టనీయొద్దు. ఎండకు పెట్టనీయొద్దు."

నేను పోయి ఆ కడవ ముందు కూర్చున్నాను. నన్ను లెమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇంటికి పెద్దకూతురిగా పుట్టినందుకు నాకు దక్కిన లాభం అదొక్కటే.

అది స్పీకరు బాక్సు. చెప్తే నవ్వుతారని తెలుసు, మా ఊరంతా నవ్వింది. కాగితపు గుజ్జు, మెంతిపిండి, వేరుశనగ పొట్టుతో వాడు చేసిన రెండో బాక్సు. మొదటిది మా ఊరి ఆంజనేయస్వామి గుడిలో వేలాడుతోంది. దానికి ఇది జత. కడవకు బూడిద రాసి దాని మీద గుజ్జు పూస్తారు. సగం ఆరినప్పుడు నడుము దగ్గర దారంతో కోసి, రెండు చిప్పలుగా ఊడదీసి, మళ్ళీ అతికిస్తారు. ఆ అదను దాటితే గుజ్జు బిగుసుకుని కడవను పట్టేస్తుంది. ఇక కత్తి పెట్టినా పగులుతుంది తప్ప ఊడదు.

ఆ అదను మైల రోజుల్లోనే వస్తుంది. పెళ్ళై వేరే ఇంటికి పోయిన ఆడబిడ్డను కాబట్టి నా మైల తొందరగానే తీరుతుంది, కానీ ఆ పని నాకు రాదు, పక్కనుంచి చెప్తే వచ్చేదీ కాదు. తెలిసిన చెయ్యి మరదలిది. దివసాలు, అంటే పెద్దకర్మ, అయ్యేదాకా ఆ చేత్తో ఏ పనీ ముట్టుకోకూడదు. ఆమెకు ఇదంతా ఆ పొద్దునే తెలుసు. మొగుడు పోయినామె ఆ ఇంట్లో మిగుల్చుకోవాలనుకున్నది ఆ ఒక్కదాన్నే.

మా చిన్నోడిది మంచి నోరు కాదు. చచ్చిపోయినవాళ్ళందరినీ మృదుభాషి అని రాయడం చూస్తుంటాను. వాడు కాదు. వాడి అంగడికి వచ్చినవాళ్ళలో సగం మంది తిట్లు తినే పోయేవాళ్ళు. ఎవరైనా యాంప్లిఫయర్ తెచ్చి "అన్నా, బేసు ఇంకా పెంచు, గుండె అదరాల" అంటే, వాడు తలెత్తకుండానే అడిగేవాడు.

"ఏమప్పా, నీకు చెవులు యాడుండాయి? కడుపులోనా?"

మైకు ముందు నిలబడి "హలో, చెక్, చెక్" అనేవాళ్ళను చూస్తే వాడికి ఒళ్ళు మండేది. "ఎవురింటికన్నా పోయి హలో చెక్ అంటామా? మనిషి మాదిరి పలకరించు," అనేవాడు. తను మాత్రం ఏ మైకు బాగు చేసినా "అన్నం తిన్నారా?" అని అడిగి చూసుకునేవాడు. జవాబు వచ్చేదాకా ఆగినట్టు కాసేపు ఆగేవాడు కూడా.

ఒక వినాయకచవితికి పెద్ద తమ్ముడు లారీ నిండా డీజే బాక్సులు పేర్పించి మా పుట్టింటి వీధిలోకి తెచ్చాడు. పాట మొదలైంది. పాట అంటున్నాను గానీ అది పాట అని నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మా మిద్దె అదిరి పైనుంచి మట్టి రాలింది, తింటున్న అన్నంలో పడింది. చిన్నోడు ఆ అన్నం తట్ట తీసుకుని లారీ దగ్గరికి నడిచాడు. అన్న ముందు పెట్టాడు.

"తిను. నువ్వు పెట్టిన పాటే ఇది."

పెద్ద తమ్ముడు నవ్వాడు. "రేయ్, పండగరా. చప్పుడు లేకుంటే సావింటి మాదిరి ఉంటాది."

సావింట్లో ఎట్లా ఉండాలో కూడా ఆయనకు తెలియదని తర్వాత చూశాం.

గుడిలో శనివారం భజనకు నేను రాయదుర్గం నుంచి వస్తాను. అక్కడ ఒక ఇనుప గొట్టం మైకు ఉండేది. దాంట్లో ఎవరు పాడినా బస్టాండులో బస్సు పేరు పిలిచినట్టే ఉండేది. ఒకసారి బయటికొస్తూ చిన్నోడితో అన్నాను, "నా గొంతు నన్నే తిట్టినట్టు వినబడుతోందిరా" అని. వాడు ఏమీ అనలేదు. నోరు విప్పలేదంటే పనిలో పడ్డాడని అర్థం.

ముందు ఎండిన సొరకాయ బుర్రతో బాక్సు చేశాడు. మా ఎండకు అది నెర్రెలిచ్చింది. తర్వాత మట్టీ పేడా కలిపి చేశాడు. దాన్ని ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. ఉత్త కడవలోనే స్పీకరు పెట్టి చూశాడు. బావిలోంచి మాట్లాడినట్టు ఉందని తీసేశాడు.

"ప్లైవుడ్డు కొంటే ఒక పూటలో అయిపోతుంది కదరా," అన్నాను.

"ఈ సీమలో ఉండేదే నాలుగు చెట్లు. వాటిని కొట్టి, జిగురు పూసి, అంటించి, దాంట్లో దేవుని పాట పెడితే ఆయప్ప వింటాడా అక్కా?" అన్నాడు. "అదీ కాక, చదరం పెట్టెలో శబ్దం గోడలకు తల కొట్టుకుని సస్తాది. గుండ్రంగా ఉంటే తిరుక్కొని బయటికొస్తాది."

అప్పుడు వాడికి అమ్మ చేటలు గుర్తొచ్చాయి. మా వైపు ఆడవాళ్ళు చేటలకూ గంపలకూ సందులు పూడ్చడానికి కాగితాలు నానబెట్టి, మెంతులు రుబ్బి కలిపి, పూత వేస్తారు. ఆరితే కొయ్యలాగా గట్టిపడుతుంది, చేతికి బరువుండదు. అమ్మ ఆ గుజ్జుతోనే కడవలు బోర్లించి గంపలు చేసేది.

కాగితాలకు కొదవ లేదు. ఎన్నికలు అయిపోయాక పెద్ద తమ్ముడి ఇంట్లో పంచకుండా మిగిలిన కరపత్రాలు మూటలు మూటలుగా పడున్నాయి. చిన్నోడు అడిగి తెచ్చుకున్నాడు. తొట్టిలో నానబెట్టాడు. రోజుల తరబడి మా పెద్ద తమ్ముడి మొహం దండం పెట్టుకుంటూ నీళ్ళలో తేలుతూనే ఉంది.

"మెరుపు కాగితం. తొందరగా నానదక్కా," అన్నాడు చిన్నోడు కట్టెతో పొడుస్తూ. "దీనికి మొండితనం యాడినుంచి వచ్చిందో అర్థమైతాంది."

మరదలు రోట్లో దంపేది. మెంతులు తనే రుబ్బేది. వేరుశనగ పొట్టు మా ఇళ్ళలో ఎప్పుడూ ఉండేదే. వాన ఎగ్గొట్టిన ఏడాది కాయలో గింజ ఉండదు, పొట్టు మాత్రం నిండుగా ఉంటుంది. "దేవుడు మనకు తప్పకుండా ఇచ్చే పంట ఇదొక్కటే," అంటూ దాన్ని దంచి కలిపేవాడు. బాక్సు లోపల గింగురుమనకుండా ఒత్తడానికి మా వీధిలో మిషన్ల దగ్గర ఊడ్చి పారేసే జీన్సు పీలికలు సంచిలో నింపి నేను తీసుకెళ్ళేదాన్ని. వాడి పనిలో నా పాలు అంతే.

తొలిసారి పూసిన గుజ్జును ఆరబెట్టి ఇద్దరూ ఏదో పెళ్ళికి పోయారు. వచ్చేసరికి పక్కింటి మేకలు దాన్ని సగం తినేశాయి. కాగితం, మెంతులు, వేరుశనగ పొట్టు. మేకకు అంతకంటే విందేముంది? చిన్నోడు నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మరదలు ఆ మిగిలిన ముక్కలో సరిగా నలగని కరపత్రం మీద పెద్ద తమ్ముడి చెయ్యి గుర్తుపట్టింది.

"పోనీలే. బావ హామీలతో ఎవురిదో ఒకరిది కడుపు నిండింది," అంది.

వాడు అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత మళ్ళీ గుజ్జు కలిపి, అందులో వేపాకు కషాయం పోశాడు. మేకలు రాలేదు, చెదలూ రాలేదు.

దాన్ని గుడిలో వేలాడదీసిన శనివారం మా ఊరి పెద్దమనుషులు వరసగా వచ్చి చూశారు.

"ఇదేందప్పా, తేనెతుట్టెనా?" అన్నాడు ఒకాయన.

"మీ అన్న అంత పెద్ద మనిషి, నువ్వేమో గుడికి కాగితం బాక్సు కడతాండావే," అన్నాడు ఇంకొకాయన.

చిన్నోడు స్పీకరు బిగించాడు. అరచేయంత స్పీకరు, పాత టీవీలోంచి తీసింది. కడవ మూతి ఎంతో అదీ అంతే. నేను పాడాను. నా గొంతు నాకు వినిపించింది. వంటింట్లో పాడుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా, కొంచెం బొంగురుగా, చివర్లో ఊపిరి తీసుకోవడంతో సహా. వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునే ముసలామె "ఇన్నేళ్ళకు నీ పాటలో మాటలు ఇనబడినాయి తల్లీ" అంది.

"అంతా బాగుండాది గానీ, సప్పుడేదప్పా?" అన్నాడు తేనెతుట్టె అన్నాయన.

"సప్పుడు కావాలంటే రేకుల మీద రాళ్ళేసుకో. ఇది పాటకు," అన్నాడు మా చిన్నోడు.

మా ఊళ్ళో మేకలకు మొదటి రోజే తెలిసిన సంగతి మనుషులకు చివరిదాకా తెలియలేదు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. కోపం రావడానికి కూడా ఎదుటి మనిషిలో కొంత సరుకు ఉండాలి.

ఇంకొక బాక్సు ఉంటే ఆడవాళ్ళు కూర్చునే వైపు కూడా వినబడుతుందని వాడు రెండోది మొదలుపెట్టాడు. అది ముగిసేలోపు వాడు ముగిశాడు.

దివసాల దాకా నేను అక్కడే ఉన్నాను. వసారాలో కడవ పక్కనే చాప వేసుకుని జపం చేసుకునేదాన్ని. మరదలు గడప లోపలి నుంచి రోజూ దాన్ని చూసేది. ముట్టుకునేది కాదు. బూడిదరంగు గుజ్జు తెల్లబడుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె అక్కడి నుంచే అంది.

"పట్టేసింది వదినా."

రంగును బట్టే తెలిసింది ఆమెకు. నేను తల ఊపాను. ఆ పొద్దు అన్నం ముట్టలేదు ఆమె.

దివసాల రోజు ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అది ఇంటి కంటే ఎత్తుగా ఉంది. నేను ఫోటో పంపలేదు కాబట్టి ఎవరి పెళ్ళిలోదో గుంపు ఫోటోలోంచి చిన్నోణ్ణి కత్తిరించి పెట్టారు. అందులో వాడు ఎవరినో కసిరినట్టు చూస్తున్నాడు. పక్కన నల్లకళ్ళద్దాలతో పెద్ద తమ్ముడు, తమ్ముడి కంటే పెద్దగా, చేతులు జోడించి. కొత్తవాళ్ళు పోయిందెవరో తెలియక ఇద్దరికీ దండం పెట్టి పోయారు.

గేటుకు రెండు పక్కలా డీజే బాక్సులు నిలబెట్టారు. భక్తిపాటలే పెట్టామని సమర్థించుకున్నారు. భక్తి అదిరిపోయి విస్తళ్ళలో పప్పు కదిలింది. ఎవరో నాయకుడు మైకు అందుకుని "హలో, చెక్" అన్నాడు. మా చిన్నోణ్ణి పర్యావరణ ప్రేమికుడన్నాడు, మట్టిలో మాణిక్యమన్నాడు, పేరు మాత్రం పక్కవాణ్ణి అడిగి చెప్పాడు. చివర్లో పెద్ద తమ్ముడు లేచాడు.

"నా తమ్ముని గుర్తుగా మన గుడికి రెండు పెద్ద బాక్సులు ఇస్తాండా. వాని పేరూ, నా పేరూ రాయిస్తా. ఆ కాగితం బుర్ర దించేసి, ఊరంతా ఇనబడేట్టు చేద్దాం."

చప్పట్లు కొట్టారు. అన్నం తిన్న చేతులతోనే కొట్టారు. నేను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. వాడికి ఇది వినబడకూడదని మాత్రమే అడిగాను.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఇంట్లోవాళ్ళం వసారాలో కూర్చున్నాం. నేను, పెద్ద తమ్ముడు, మరదలు, మా మేనమామ. మరదలు తలస్నానం చేసి వచ్చి, నేరుగా కడవ దగ్గర కూర్చుని దాని మీద చెయ్యి వేసింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి.

"దాన్ని ఇంక చెత్త తిప్పలో పారేయండమ్మా," అన్నాడు పెద్ద తమ్ముడు. "ఊడదు గదా."

"కడవతోనే తగిలిస్తే పోలా?" అన్నాడు మేనమామ.

"కడవ మోగుతాది మామా, గొంతు మోగదు. ఆయన చూసి వద్దన్నాడు," అంది మరదలు. తర్వాత నా వైపు చూసింది. "లోపల కడవ పగలగొడితే మూతిలోంచి పెంకులు తీయొచ్చు వదినా. బాక్సు నిలబడతాది."

పెద్ద తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఏం మాటమ్మా అది? మొన్ననే వల్లకాట్లో కుండ పగిలింది. నేనే పగలగొట్టినా. మళ్ళీ ఇంట్లో ఇంకో కడవ పగలగొడితే ఇంటికి మంచిదేనా? అదీ అమ్మ కడవ! అమ్మ గుర్తు అది!"

అమ్మ బతికుండగా ఆ కడవలో నీళ్ళు తాగడం నామోషీ అని తను పిలుచుకొచ్చిన చుట్టాలకు దాన్ని కనబడనివ్వని మనిషి ఆయన. నేను ఆ మాట అనలేదు. అనాల్సిన పని కూడా లేదు, మేనమామ దగ్గి అటు తిరిగాడు.

"అమ్మ గుర్తులు నా కాడ ఇంకా ఉండాయి, నీకు కావాలంటే ఇస్తా," అన్నాను. "కడవను బోర్లించినాక అది అచ్చు. అచ్చు పని అయిపోయింది. ఇంక ఈ పొద్దు మైల తీరింది, శ్మశానం మాట ఈ వసారాలో ఎత్తొద్దు."

"మరి ఆ బాక్సులు? అందరి ముందర చెప్పినా గదక్కా," అన్నాడు. గొంతు తగ్గింది.

మరదలు బావ ముందు ఎప్పుడూ నేరుగా మాట్లాడేది కాదు. ఆ సాయంత్రం మాట్లాడింది.

"ఇచ్చుకో బావా. యాడికన్నా ఇచ్చుకో. వాటి మీద ఆయన పేరు రాయొద్దు. గుడిలో ఉండేది దిగదు. ఇది దాని పక్కనే కడతా."

పెద్ద తమ్ముడు నా మొహం చూశాడు, మేనమామ మొహం చూశాడు. చివరికి "సరే పో" అన్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో తీర్మానమైంది అంతే. కడవ పగలాలి, ఆ పెద్ద బాక్సుల మీద వాడి పేరు ఉండకూడదు, గుడిలో రెండు కాగితం బాక్సులు ఉంటాయి.

మరదలు దాన్ని ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. గుడ్డ చుట్టిన గుండ్రాయిని మూతిలోంచి దించి, లోపల మెల్లగా తట్టింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఎక్కడో లోతుగా, పొడిగా, ఒక చిన్న చప్పుడైంది. పెద్ద తమ్ముడు సాయం చేద్దామని చెయ్యి పెట్టబోయాడు. ఉంగరాలు మూతికి తగిలి ఆగిపోయాయి. ఆమె ఆయన చెయ్యి పక్కకు జరిపి, తన చెయ్యి మోచేతి దాకా దించి, మొదటి పెంకు బయటికి తీసింది.

పొద్దు గుంకింది. లోపల కనబడడం లేదని పెద్ద తమ్ముడు తన ఫోను వెలిగించి పట్టుకున్నాడు. అది చేతిలో అదురుతూనే ఉంది, ఎవరో పిలుస్తున్నారు.

"కదిలించొద్దు బావా," అంది ఆమె తలెత్తకుండా.

ఆయన ఫోను ఎత్తలేదు. వంగి, వెలుతురు మూతిలోకే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క పెంకే తీసి పక్కన పెడుతోంది. లోపలి నుంచి మెంతుల వాసన వస్తోంది.